సిమ్యులేటర్ నేర్పిన బ్రేక్

ట్రాక్ డేకి, అంటే మామూలు డ్రైవర్లు రేస్ ట్రాక్ మీద కారు నడిపే రోజుకి, గ్రేటర్ నోయిడా వెళ్లే ముందు ఇంట్లో డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద అక్కడి రేస్ ట్రాక్ బుద్ధ్ సర్క్యూట్‌లో కారు తెగ తిప్పాను. మొత్తం 16 మలుపులు. మూడో మలుపు దగ్గర ఎత్తెక్కగానే పొడుగాటి స్ట్రెయిట్ వస్తుందని ముందే తెలియడం ఎంత టెన్షన్ తగ్గించిందో!

అసలు లాభం బ్రేక్ దగ్గర. సిమ్యులేటర్ బ్రేక్ పెడల్‌లోని లోడ్ సెల్ అనే సెన్సర్, పెడల్ ఎంత దూరం దిగిందో కాదు, కాలు ఎంత బలంగా నొక్కిందో కొలుస్తుంది. అందుకే ముందు గట్టిగా తొక్కి, స్టీరింగ్ తిప్పే కొద్దీ మెల్లగా వదలడం కాలికి అలవాటైపోయింది. పది, పదకొండు మలుపుల్లో ఒళ్లంతా పక్కకు లాగేసే బలం మాత్రం ఇంట్లో కుర్చీలో ఎన్నడూ తెలియలేదు. మెడ నొప్పి ఇంకా ఉంది, అయినా మళ్లీ వెళ్లాలనే ఉంది.

ట్రాక్ డే ఆలోచన ఉన్నవాళ్లు ముందు సిమ్యులేటర్‌కి మంచి బ్రేక్ పెడల్ కొనండి. పెద్ద స్క్రీన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.