నక్షత్రాల చాప్టర్: అగస్త్య, ఆర్ద్రలతోనే లెక్కలు చేయండి

అనంతపురంలో ఉండి పీజీ ఎంట్రన్స్‌కో, లెక్చరర్ పోస్టుకో, నెట్‌కో ఫిజిక్స్ చదువుతున్నవాళ్ల కోసం ఇది. నక్షత్రాల చాప్టర్‌ని చాలామంది ఫార్ములాల పట్టికలా బట్టీ పడతారు, తీరా లెక్క ఇచ్చాక ఏది ఎక్కడ వాడాలో తోచక ఆగిపోతారు. అక్కడున్నది నిజానికి ఒకే వరస. కంటికి కనిపించే ప్రకాశం, దూరం తెలిస్తే నక్షత్రం అసలు వెలుగు వస్తుంది. రంగు నుంచి ఉష్ణోగ్రత వస్తుంది. ఆ రెండూ చేతిలో ఉంటే వ్యాసార్థం వస్తుంది. ప్రశ్న చదవగానే ఈ వరసలో ఏవి ఇచ్చారో, ఏది అడిగారో చూసుకోండి.

మార్కులు ఎక్కువగా పోయేది మాగ్నిట్యూడ్ దగ్గర, అంటే నక్షత్ర ప్రకాశాన్ని చెప్పే సంఖ్య దగ్గర. సంఖ్య తగ్గేకొద్దీ ప్రకాశం పెరుగుతుంది; సూర్యుడిది −26.74. 1856లో పాగ్సన్ ప్రతిపాదించిన లెక్క ప్రకారం 5 మాగ్నిట్యూడ్ల తేడా అంటే సరిగ్గా 100 రెట్లు. అందుకని 2.5 తేడా 10 రెట్లు, 1 తేడా 2.512 రెట్లు, 0.75 తేడా దాదాపు 2 రెట్లు. ఇవి నోటికి వస్తే క్యాలిక్యులేటర్ అవసరం పెద్దగా ఉండదు. జంట నక్షత్రాల ప్రశ్న తరచూ దెబ్బ తీస్తుంది: 3 మాగ్నిట్యూడ్ ఉన్న రెండు నక్షత్రాలు కలిసి ఒకటిగా కనిపిస్తే ఎంత? 6 కాదు, 1.5 కూడా కాదు. కలపాల్సింది ప్రకాశాలను, మాగ్నిట్యూడ్లను కాదు. ప్రకాశం రెట్టింపయింది కాబట్టి 0.75 తగ్గి 2.25 వస్తుంది.

నక్షత్రాన్ని 10 పార్‌సెక్‌ల దూరంలో, అంటే 32.6 కాంతి సంవత్సరాల దూరంలో పెడితే కనిపించే మాగ్నిట్యూడే నిరపేక్ష మాగ్నిట్యూడ్. మనకు ఇక్కడి నుంచి కనిపించే మాగ్నిట్యూడ్‌లోంచి దాన్ని తీసేస్తే 5 లాగ్ దూరం − 5 వస్తుంది. ఇక్కడ దూరం పార్‌సెక్‌లలోనే ఉండాలి, లాగ్ ఆధారం 10. కాంతి సంవత్సరాలను మార్చకుండా వేస్తే జవాబు దాదాపు రెండున్నర మాగ్నిట్యూడ్లు తప్పుతుంది, ఆ తప్పు జవాబు ఆప్షన్లలో ఉండే అవకాశం ఎక్కువ.

దీన్ని ఆకాశం చూస్తూ సాధన చేయండి. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర ప్రాంతంలో మేడెక్కి దక్షిణం వైపు చూడండి. మన అక్షాంశం 14.7 డిగ్రీలు కాబట్టి అగస్త్య (కానోపస్) దాదాపు 22 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. దానికి చాలా పైన సిరియస్. టవర్ క్లాక్ చుట్టుపక్కల లైట్లున్నా ఈ రెండూ కనిపిస్తాయి. సిరియస్ −1.46, అగస్త్య −0.74, చూపుకు సిరియస్‌దే పైచేయి. కానీ సిరియస్ 2.64 పార్‌సెక్‌లలో ఉంది, అగస్త్య దాదాపు 95 పార్‌సెక్‌లలో. లెక్క వేస్తే నిరపేక్ష మాగ్నిట్యూడ్లు 1.4, −5.6. తేడా 7. అందులో 5కి 100 రెట్లు, మిగిలిన 2కి 6.3 రెట్లు, అంటే అగస్త్య వెలుగు సిరియస్‌కి దాదాపు 630 రెట్లు. ఈ ఒక్క లెక్క చేతితో రెండు మూడు సార్లు చేస్తే గుర్తుల తికమక పోతుంది.

వ్యాసార్థానికి స్టీఫన్ నియమాన్ని (వెలుగు = 4 పై × వ్యాసార్థం వర్గం × సిగ్మా × ఉష్ణోగ్రత నాలుగో ఘాతం) సూర్యుడితో నిష్పత్తిగా రాసుకోండి. సిగ్మా, 4 పై రెండూ ఎగిరిపోతాయి. మిగిలేది: వెలుగు నిష్పత్తికి వర్గమూలం, దాన్ని గుణించే (సూర్యుడి ఉష్ణోగ్రత ÷ నక్షత్ర ఉష్ణోగ్రత) వర్గం. ఆర్ద్రకు (బెటెల్‌గ్యూస్) 3,500 కెల్విన్, సూర్యుడికి లక్ష రెట్ల వెలుగు అనుకుందాం. లక్షకు వర్గమూలం 316. 5,800ని 3,500తో భాగించి వర్గం చేస్తే 2.75. వ్యాసార్థం సూర్యుడికి సుమారు 870 రెట్లు, అంటే 60 కోట్ల కిలోమీటర్లు. సూర్యుడి స్థానంలో పెడితే అంగారకుడి కక్ష్య దాటిపోతుంది. అదే ఓరియన్ నక్షత్ర మండలంలోని రైజెల్‌కి 12,000 కెల్విన్. వెలుగు అంతే ఉన్నా వ్యాసార్థం దాదాపు 12వ వంతే. తొందరలో ఉష్ణోగ్రత నిష్పత్తిని తలకిందులు చేయడం ఇక్కడ మామూలు తప్పు. చల్లటి నక్షత్రం అంత వెలుగివ్వాలంటే పెద్దదై తీరాలి అని జవాబును ఒకసారి సరిచూడండి.

వీన్ నియమంతో శిఖర తరంగదైర్ఘ్యం, అంటే వికిరణం అత్యధికంగా ఉండే తరంగదైర్ఘ్యం, ఆర్ద్రకు 828 నానోమీటర్లు, రైజెల్‌కి 241. రెండూ కంటికి అందని మేరే. అందుకే ఇచ్చిన మాగ్నిట్యూడ్ దృశ్యకాంతిదా, మొత్తం వికిరణానిదా అని చూడకుండా స్టీఫన్ నియమంలో వేయకూడదు.

నక్షత్రాల వెలుగును ఉష్ణోగ్రతకు ఎదురుగా గీసే హెచ్‌ఆర్ పటంలో ఉష్ణోగ్రత ఎడమకు పెరుగుతుందని గుర్తుంటే చాలావరకు సరిపోతుంది. వర్ణపట తరగతులకు మాత్రం సమయం కేటాయించండి, వివరణాత్మక ప్రశ్న అడగడానికి ఎంతో అనువైన భాగమిది. వేడి నుంచి చల్లదనానికి వెళ్లే ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం వరసలో హైడ్రోజన్ బామర్ రేఖలు (వర్ణపటంలోని శోషణ రేఖలు) ఎ తరగతిలో, 10,000 కెల్విన్ దగ్గర బలంగా ఉంటాయి. ఓ, ఎం తరగతుల్లో అవి బలహీనం కాబట్టి అక్కడ హైడ్రోజన్ తక్కువ అని రాస్తే సున్నా. బామర్ శోషణకు ఎలక్ట్రాన్ ముందే రెండో శక్తి స్థాయిలో ఉండాలి; దానికి 10.2 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఎం నక్షత్రపు చల్లదనంలో అలాంటి పరమాణువులు బహు కొద్ది. ఓ నక్షత్రంలో 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు దాటి ఎలక్ట్రాన్లే ఊడిపోతాయి. ఎలక్ట్రాన్లు ఊడిపోవడంలోని ఈ సమతుల్యతను లెక్కగట్టినవాడు మేఘనాద్ సాహా, 1920లో. ఆ సమీకరణంతోనే 1925లో సిసిలియా పేన్ నక్షత్రాల్లో అత్యధికం హైడ్రోజనే అని తేల్చింది. జవాబులో 10.2, 13.6 సంఖ్యలు రెండూ కనిపించేలా రాయండి, పక్కన రెండు స్థాయిల చిన్న బొమ్మ వేయండి.