బండ మీద చుక్క

"దొరికింది!" అని అరిచేసరికి కింద జీడితోటలో మేకలు కాస్తున్న తాత తలెత్తి చూశాడు.

సింహాచలం కొండల వెనక, దారంటూ లేని వాలు. రెండు గంటలు పరికి ముళ్లకు చేతులు గీరుకుపోతూ ఎక్కాం. పైన నల్లబండ. నాచు, ఎండుటాకులు తుడిస్తే గుండ్రంగా వేలి వెడల్పు గాడి, మధ్యలో చిన్న గుంట. అందులో రాత్రి కురిసిన వాన నీళ్లు. సర్వే గుర్తు!

1802లో మద్రాసులో బ్రిటిష్ సైనికాధికారి లాంబ్టన్ మొదలుపెట్టిన నేల కొలత తాలూకు గుర్తు అది. నేల మీద ఒక గీత కొలిచి, అక్కణ్ణుంచి కొండకూ కొండకూ మధ్య కోణాలు తీసుకుంటూ దేశమంతా త్రిభుజాలు అల్లారు. 1860ల్లో మన విశాఖపట్నం దగ్గరా అలాంటి గీత ఒకటి కొలిచారు.

ఆ సున్నా చుట్టూ వేలు తిప్పాను. అంచు ఇంకా గరుగ్గానే ఉంది. చెక్కిన మనిషి పేరు ఏ మ్యాపులోనూ ఉండదు. కోణాలు కొలిచే బరువైన థియోడొలైట్ పరికరాలు భుజాన మోసుకెళ్లినవాళ్లదీ అంతే. వాళ్లకూ ఇవే ముళ్లు గుచ్చుకుని ఉంటాయి కదా! చాలాసేపు కదల్లేకపోయాను.

దిగాక తాత అడిగాడు, "ఏం దొరికింది బాబూ?"

చెప్పాను.

"అదా! మా చిన్నప్పుడు ఆ గుంటలో పిట్టలు నీళ్లు తాగేవి."