నగిషీ

మొన్న ఊళ్లో అమ్మమ్మ వాళ్ల పాత ఇల్లు విప్పుతుంటే సింహద్వారం మాత్రం జాగ్రత్తగా తీయించి పక్కన పెట్టించాం, టేకు చెక్క, పైన రెండు చిలకలు, మధ్యలో తామర పువ్వు, అంచు పొడుగునా తీగ. "ఈ నగిషీ చూడరా, ఇప్పుడెవరు చెక్కుతారు" అంది అమ్మ.

చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. కానీ ఆ గీతల్లో పేరుకున్న దుమ్ము పాత టూత్‌బ్రష్‌తో తీస్తూ మధ్యాహ్నమంతా కూర్చుంటే దాని అర్థం వేళ్లకి తెలిసింది. బొమ్మ, చెక్కడం అనే అర్థమున్న అరబ్బీ మాట నక్ష్ నుంచి ఫారసీ, ఉర్దూల దారిలో మన దగ్గరికొచ్చిన మాట ఇది, చేర్యాల పటాలు గీసే నకాషీ కుటుంబాల పేరులో ఉన్నదీ అదే.

మాటలకు నగిషీలు చెక్కుతున్నాడని కూడా అంటాం కదా. చిలవలు పలవలు చేర్చడం వేరు, అక్కడ లేనిది తెచ్చి అతికిస్తారు. ఆ చిలకని ఎవరూ అతికించలేదు, చుట్టూ ఉన్న చెక్క తీసేస్తే మిగిలింది. నాకు ఈ తేడా చాలా నచ్చింది.

కొత్త ఇంటికీ ఆ ద్వారమే పెట్టమని మేస్త్రీకి చెప్పేశాను, ఎత్తు కాస్త తక్కువైనా సరే.