కొత్త రకం.. మొత్తం పొలంలోనా?
కొత్త వంగడం దిగుబడి లెక్కలు అబద్ధం కాదు. కాకపోతే అవి వేళకు తడి, పూర్తి మోతాదు ఎరువు అందిన ప్రయోగ క్షేత్రంలోవి. వర్షాధారంలో పూత మీద బెట్ట తగిలితే గింజ కట్టదు, పెట్టిన ఎరువూ దండగే. నన్నడిగితే మొదటి ఏడు పదో వంతు పొలం చాలు. పక్కనే పాత రకం అదే రోజు విత్తాలి, లేకపోతే పోలికే ఉండదు.

విత్తే ముందు 100 గింజలు తడి గోనెపట్టాలో చుట్టి, పట్టా ఆరకుండా చూస్తూ, వారం తర్వాత మొలకలు లెక్కపెట్టండి. వరిలో 80కి తగ్గితే ఆ విత్తనం వద్దు. విత్తనం నాసిరకమని తేలితే రుజువుగా ఖాళీ సంచి, దానికున్న ట్యాగు, బిల్లు పంట ఇంటికొచ్చేదాకా దాచాలి (సంచిని మాత్రం అందరూ ఎరువు మోయడానికి వాడేస్తారు!). హైబ్రిడ్ గింజ దాచి మళ్లీ విత్తితే ఎత్తు, పూత తలో తీరు.