సర్వీసు బిల్లులో నేను తగ్గించుకున్న పద్దులు

వారంటీ ముగిసిన తరువాత మా కారుకు తొలిసారి సర్వీసు చేయించినప్పుడు బిల్లు 8,400 రూపాయలైంది. ఇంటికి వచ్చి ఒక్కొక్క పద్దునే చదువుతుంటే ‘ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయడం’ అన్న వరుస కనిపించింది. అనుమానం వచ్చి బానెట్ ఎత్తి, ఫిల్టర్ పెట్టెకున్న క్లిప్పులు ఊడదీసి చూస్తే, కాగితపు మడతల నడుమ ఎర్రమట్టి, దానితోపాటు ఒక ఎండు వేపాకు ఉన్నచోటనే ఉన్నాయి. చేయని పనికి డబ్బు కట్టానన్న బాధ కంటే, ఆ పెట్టె తెరవడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదన్న సంగతే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది.

అప్పటి నుండి ఎయిర్ ఫిల్టర్ పని నాదే. తిరుపతి నుండి రేణిగుంట వైపు రోజూ తిరిగే బండికి దుమ్ము తప్పదు కాబట్టి మూడు నెలలకొకసారి తీసి, నేలకు మెల్లగా తట్టి దులుపుతాను. మడతలు నల్లబడితే 350 రూపాయలు పెట్టి కొత్తది వేస్తాను. ఏసీ ఫిల్టర్ మా కారులో డ్యాష్‌బోర్డు అర వెనుక ఉంటుంది. అరకు రెండు పక్కలా నొక్కితే అది కిందికి వాలుతుంది, ఫిల్టర్ చేతికి అందుతుంది. వైపర్ బ్లేడ్లు మార్చడం ఇంకా తేలిక. మే నెల ఎండకు రబ్బరు బిరుసెక్కుతుంది కాబట్టి ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోగా మార్చేస్తాను.

బ్యాటరీ టెర్మినళ్ల మీద పేరుకునే తెల్లని, పచ్చని పొడిని చాలామంది పట్టించుకోరు. అది కరెంటు ప్రవాహానికి అడ్డుపడి, బ్యాటరీ బాగానే ఉన్నా తెల్లవారుజామున బండిని స్టార్టు కానివ్వదు. ముందుగా నెగటివ్ తీగను, తరువాత పాజిటివ్ తీగను విప్పాలి; బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. ఈ వరుస తప్పి, పాజిటివ్ నట్టు మీద ఉన్న స్పానర్ కారు ఇనుముకు తగిలిందంటే నిప్పురవ్వలు లేస్తాయి. గోరువెచ్చని నీటిలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఆ పొడి నురగలు కక్కుతూ కరిగిపోతుంది. తుడిచి, ఆరనిచ్చి, తీగలు బిగించాక పైన కొంచెం వాజ్‌లిన్ పూస్తే చాలాకాలం మళ్ళీ రాదు.

అసలు ఆదా ఇంజిన్ ఆయిల్ మార్పులో ఉంది, శ్రద్ధ పెట్టవలసింది కూడా అక్కడే. జాకీ మీద మాత్రమే నిలబడిన కారు కిందికి ఎవరూ ఎన్నడూ దూరకూడదు. చదునైన గట్టి నేల మీద, వెనుక చక్రాలకు అడ్డుపెట్టి, ముందు వైపు రెండు జాకీ స్టాండ్ల (కారు బరువును కదలకుండా మోసే ఇనుప కాళ్ల) మీద దించిన తరువాతే నేను కిందికి వెళతాను. ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపితే ఆయిల్ పలచబడి, అడుగున చేరిన మడ్డితో సహా కారిపోతుంది. మొదటిసారి చేసినప్పుడు పాత ఆయిల్ ఫిల్టర్ ఊడింది గాని, దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయింది. టార్చి వేసి చూడకుండా కొత్త ఫిల్టర్ బిగించి ఉంటే, రెండు రింగుల సందులోంచి ఆయిల్ చిమ్మి, దారిలోనే ఇంజిన్ పాడయ్యేది. ఇప్పుడు పాత రింగు ఫిల్టర్‌తోపాటు వచ్చిందో లేదో చూడనిదే ముందుకు పోను. కొత్త రింగుకు వేలితో కొంచెం ఆయిల్ పూసి, అది ఆనిన తరువాత చేత్తోనే ముప్పావు చుట్టు తిప్పుతాను. పాత ఆయిల్ దించడానికి విప్పే డ్రెయిన్ బోల్టుకు ప్రతిసారీ కొత్త వాషర్ వేస్తాను. ఏ గ్రేడు ఆయిల్ ఎంత పోయాలన్నది కారుతో వచ్చిన పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. దుకాణదారు ఖరీదైనది చూపించినా మార్చను.

లెక్క చెప్పాలంటే, మరుసటి ఏడాది ఆయిల్, దాని ఫిల్టర్, వాషర్ కలిపి 1,900, ఎయిర్ ఫిల్టర్ 350, ఏసీ ఫిల్టర్ 300, వైపర్లు 600, అంతా కలిపి 3,150 రూపాయలు. బ్రేకుల పనికి మెకానిక్‌కు ఇచ్చిన 900 కలిపినా 4,050 దాటలేదు. అయితే జాకీ స్టాండ్లు, స్పానర్లు, ఆయిల్ పట్టే తొట్టి వంటి వాటికి 3,800 అయ్యాయి కాబట్టి ఆ ఏడాది మిగిలింది స్వల్పం. నిజమైన మిగులు రెండో ఏటి నుండే. వారంటీలో ఉన్న కార్లకు మాత్రం సర్వీసు రికార్డు అవసరం గనుక తొందరపడవద్దని నా సలహా.

బ్రేకులు నేను ముట్టుకోను. “ఏమన్నా చేసుకోండి సార్, బ్రేకుల జోలికి మాత్రం పోబాకండి, మీది కొండకు పోయే బండి” అని మా మెకానిక్ మొదట్లోనే చెప్పాడు. తిరుమల నుండి దిగేది 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు మీద. ఎక్కడానికి 1974లో వచ్చిన రెండోది. ఆ దిగుడు మలుపుల్లో చిన్న గేరులో ఇంజిన్ పట్టు మీద రావాలి గాని, అదేపనిగా బ్రేకు తొక్కితే డిస్కులు కాగిపోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే గుణం కలది. పాతబడి తేమ చేరినదైతే ఆ వేడికి మరిగి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. కాబట్టి రెండేళ్లకొకసారి దాన్ని మార్చడం, ప్రతి ఏటా ప్యాడ్లు చూడడం పూర్తిగా మెకానిక్ చేతి పని. నేను డబ్బా బయట గీతల మధ్య మట్టం మాత్రం చూస్తాను.

బ్రేకుల పనికి మెకానిక్ దగ్గరికి వెళ్ళేటప్పుడే ఇంట్లో దించిన పాత ఆయిల్‌ను మూత బిగించిన క్యానులో వెంట తీసుకువెళతాను. మురుగు కాలువలో పోస్తే అది చివరికి చెరువుకే చేరుతుంది. ఆయన దాన్ని షెడ్డు మూలనున్న పెద్ద డ్రమ్ములో ఒంపి, ఖాళీ క్యాను నా చేతికిచ్చి, బండిని లోపలికి పెట్టమంటాడు.