చనిపోయిన జంతువు పక్కన చిరునవ్వు

అమెరికాలో నవంబరు వచ్చేసరికి జింకల వేట ముమ్మరమవుతుంది, దానితోపాటే ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఒకే భంగిమలో తీసిన ఫోటోలు వరుసకడతాయి: నేలకూలిన తెల్లతోక జింక, దాని కొమ్ములను రెండు చేతులా పట్టి తల పైకెత్తి నవ్వుతున్న వేటగాడు. నేను వేటాడను కానీ మాంసం తింటాను, కాబట్టి మాంసం కోసం అడవికి వెళ్లినవాడిని తప్పుపట్టే అర్హత నాకు లేదనే అనుకుంటాను. అయినా ఆ ఫోటో నన్ను కలవరపెడుతుంది. తెల్లవారకముందే చలిలో మంచె ఎక్కి కూర్చోవడం, గాలివాటు గమనించుకోవడం, చాలాసార్లు వట్టి చేతులతో తిరిగిరావడం, దొరికిన రోజున చర్మం ఒలిచి మాంసం కోసి ఇంటికి మోసుకురావడం, ఇవన్నీ కలిస్తేనే వేట అని చెప్పేది వేటగాళ్లే. వాళ్లు లోకానికి చూపించే ఫోటోలో మాత్రం ఇవేవీ ఉండవు. ఒక చావు, దాని పక్కన ఒక సంతోషం, అంతే మిగులుతాయి.

ఈ భంగిమ ఇంటర్నెట్ కన్నా చాలా పాతది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో నిజాం రాజ్యానికి అతిథిగా వచ్చిన వైస్రాయ్ కర్జన్, ఆయన భార్య చచ్చిన పెద్దపులితో దిగిన ఫోటో మనలో చాలామంది చూసే ఉంటారు. ఆ కాలంలో అలాంటి ఫోటో దర్బారు గోడల మీదా కుటుంబ ఆల్బముల్లోనూ, అంటే వేటను గౌరవించేవాళ్ల మధ్యనే ఉండేది. ఇప్పుడు అది క్షణాల్లో వేట తెలియనివాళ్ల ముందుకూ వస్తుంది.

2015 జులైలో జింబాబ్వేలోని హ్వాంగే జాతీయ ఉద్యానవనం అంచున సెసిల్ అనే సింహాన్ని విల్లుతో చంపిన అమెరికన్ దంతవైద్యుడి విషయంలో జరిగింది ఇదే. అంతకుముందు వేరే మృగాలతో ఆయన దిగిన ఫోటోలు కూడా వెలికివచ్చి ప్రపంచమంతా తిరిగాయి. అంతకన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2018లో ఐడహో రాష్ట్రంలో జరిగిన ఘటన. ఆ రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ సభ్యుడు బ్లేక్ ఫిషర్ ఆఫ్రికాలోని నమీబియాలో వేటాడి, తాను చంపిన బబూన్ కోతుల కుటుంబాన్ని పిల్లలతో సహా ముందు పెట్టుకొని నవ్వుతూ దిగిన ఫోటోను వందమందికి పైగా పరిచయస్థులకు ఈమెయిల్‌లో పంపారు. తాను చట్టవిరుద్ధంగా ఏమీ చేయలేదని ఆయన అన్నారు. అయితే ముందుగా అభ్యంతరం చెప్పింది జంతు హక్కుల ఉద్యమకారులు కారు, అదే కమిషన్‌లో పూర్వం పనిచేసిన, స్వయంగా వేటాడే మనుషులు. చివరికి గవర్నరు కోరడంతో ఫిషర్ రాజీనామా చేశారు. వేటకు ఒక మర్యాద ఉందని, చట్టం అనుమతించినంత మాత్రాన అది నిలబడదని ఆ సమాజంలోనే బలమైన నమ్మకం ఉందనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ కనిపించలేదు.

ఇలాంటి రభసల వల్ల వేటగాళ్ల సంఘాలూ పత్రికలూ తమవాళ్లకు జాగ్రత్తలు చెబుతున్నాయి: ఫోటో తీసేముందు రక్తం తుడవండి, బయటికి వేలాడే నాలుకను లోపలికి పెట్టండి, జంతువు మీద ఎక్కి కూర్చోకండి, వండిన మాంసాన్ని కూడా చూపించండి. ఇందులో కొంత నిజమైన గౌరవమే ఉంది, దాన్ని నేను కాదనను. తిండి కోసం చేసే వేటను అమెరికన్లలో ఎక్కువమంది ఒప్పుకుంటారనీ, ట్రోఫీ కోసమంటే, అంటే కొమ్ములో తలో గుర్తుగా దాచుకోవడానికంటే, ఆ మద్దతు బాగా పడిపోతుందనీ సర్వేలు పదేపదే చెబుతున్నాయి కాబట్టి ఈ సలహాకు కారణమూ తెలుస్తూనే ఉంది. కానీ రక్తం తుడిచినంత మాత్రాన ఫోటో నిజాయితీగా మారిపోదు, చూసేవాడి మనసు నొచ్చకుండా ఉంటుంది, అంతే.

డబ్బు గురించి చెప్పే మాటల్లోనూ ఇదే లోటు ఉంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్లు, షాట్‌గన్‌ల మీదా తూటాల మీదా 11 శాతం పన్ను వసూలవుతుందనీ, అది రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతుందనీ వేటగాళ్లు గర్వంగా రాస్తారు. అది నిజం, గర్వపడవలసిన విషయమే. అయితే ఆత్మరక్షణకో, గురి అభ్యాసానికో తుపాకి కొని, అడవి వైపు ఎన్నడూ చూడనివాళ్లు కూడా ఆ పన్ను కడుతున్నారనే సగం సాధారణంగా ఆ పోస్టుల్లో ఉండదు. నమీబియాలో ఒక నల్ల ఖడ్గమృగాన్ని వేటాడే అనుమతిని 2014లో 3,50,000 డాలర్లకు వేలంలో పాడుకున్న టెక్సస్ వ్యక్తి, మరుసటి ఏడాది ఆ వేటకు సీఎన్ఎన్ బృందాన్ని వెంట తీసుకెళ్లారు. వేటకు కట్టిన డబ్బు ఆ జాతి సంరక్షణకే ఉపయోగపడుతుందన్న ఆయన వాదనతో నేను పూర్తిగా ఏకీభవించను. అయినా నవ్వుతున్న ఒక్క ఫోటోతో సరిపెట్టకుండా, తాను చేస్తున్న పనిని ప్రశ్నించేవాళ్ల ఎదుటే చేయడానికి సిద్ధపడినందుకు గౌరవిస్తాను.

నేను నమ్మకంతో చదివే వేట రాతలు ఒక రకానివి ఉన్నాయి. గాయపడి పారిపోయిన జింకను వెతకడానికి శిక్షణ పొందిన కుక్కను తాడుతో పట్టుకొని వెళ్లేవాళ్లు అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉన్నారు. బాణం గుండెకు కాక పొట్టకు తగిలిందని, వేటగాడు తొందరపడి వెంబడించడంతో జింక మరింత దూరం వెళ్లిపోయిందని, రాత్రంతా వెతికినా దొరకలేదని వాళ్లు దాచకుండా రాస్తారు. గురి తప్పితే ఆ జంతువు ఏమవుతుందో వేట తెలియని నాలాంటివాడికి తెలిసేది ఆ రాతల వల్లనే. కొమ్ములు పట్టుకొని నవ్వే ఫోటో పెట్టేవాళ్లు, తమ చేతిలో గాయపడి దొరకకుండా పోయిన జింక గురించి కూడా ఆ పక్కనే రాయాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.