తెలుగు అనువాదం వేరే ప్యాకేజీగా ఉంటే

లినక్స్‌లో ఒక ప్రోగ్రాము ఎక్కించుకుంటే, దానితో పాటు మనకు అక్కర్లేని పదుల కొద్దీ భాషల అనువాదాలు కూడా డిస్కులో చేరడం కొత్తేమీ కాదు. అలా చేరినవాటిని వెతికి తుడిచేయడానికే లినక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్‌లో లొకేల్‌పర్జ్ అనే పనిముట్టు ఉంది. దించుకున్నాక తుడవడం కంటే, ముందే వేరు చేసి కోరినవారికి మాత్రమే ఇవ్వడం మేలన్నది భాషా ప్యాకేజీల (ఒక భాష అనువాదాలను మాత్రమే విడిగా కట్టిన మూటల) వెనుక ఉన్న తర్కం.

చోటు ఆదా కావడం నిజమే. లినక్స్ ప్రోగ్రాములకు పునాదిగా ఉండే జీలిబ్‌సీ లైబ్రరీలో అన్ని భాషల లొకేల్ సమాచారాన్ని (తేదీలు, అంకెలు రాసే తీరు వంటివాటిని) ఒకే ఫైలులో పెడితే 200 మెగాబైట్లు దాటుతుంది; ఫెడోరా అనే మరో పంపిణీ 2016లో వచ్చిన తన 24వ విడుదల నుంచి దాన్ని భాషలవారీగా విడదీశారు. అయితే మామూలు అప్లికేషన్ల అనువాద ఫైళ్లు చాలావరకు కిలోబైట్లలోనే ఉంటాయి కాబట్టి, తెలుగువారికి అసలు లాభం చోటులో కంటే విడుదల వేళలో ఉందని నా అభిప్రాయం. ఉబుంటు అనే పంపిణీ తన ప్రధాన ప్యాకేజీలను తయారుచేసేటప్పుడే వాటిలోని అనువాదాలను బయటికి తీసి, అనువాదకులు పనిచేసే లాంచ్‌ప్యాడ్ వెబ్‌సైటుకు చేర్చి, భాషకొక కట్టగా పంపిణీ చేస్తుంది. ఆ కట్ట మళ్లీ రెండు భాగాలు: మూల ప్యాకేజీలో సింహభాగం ఉంటుంది, రెండోదానిలో ఆ తరువాత జరిగిన మార్పులు మాత్రమే ఉంటాయి. ఒక తప్పు పదాన్ని సరిదిద్దడానికి ప్రోగ్రామును మళ్లీ నిర్మించాల్సిన పనిలేదు.

ఇబ్బంది మరోచోట ఉంది. లినక్స్ ప్రోగ్రాముల అనువాదానికి ఎక్కువగా వాడే గెట్‌టెక్స్ట్ పద్ధతిలో అనువాదం ఇంగ్లీషు వాక్యానికి అక్షరం పొల్లుపోకుండా ముడిపడి ఉంటుంది. మెనూలో ఒక మాట చివర ఉన్న మూడు చుక్కలను తీసి, వాటి స్థానంలో మూడు చుక్కలూ ఒకే అక్షరంగా ఉండే గుర్తును (…) పెట్టారనుకోండి. తెలుగులో అర్థం మారకపోయినా, పాత అనువాదం కొత్త వాక్యానికి అతకదు. దానికి ఫజ్జీ అనే గుర్తు పడుతుంది, అనువాదకులు చూసి సరేననేదాకా తెరపై ఇంగ్లీషే కనిపిస్తుంది. ప్రోగ్రాము ఒక దారిన, భాషా ప్యాకేజీ మరో దారిన నడిచే చోట ఇలాంటి ఎడం సులువుగా పెరుగుతుంది. డెస్క్‌టాప్‌నూ, దాని అప్లికేషన్లనూ తయారుచేసే కేడీఈ బృందం ఒకప్పుడు ఒక్కో భాషకు ఒక్కో పెద్ద కట్ట విడుదల చేసి, తరువాత అనువాదాలను ఏ అప్లికేషన్‌వి ఆ అప్లికేషన్‌లోకే తిరిగి చేర్చింది. అక్కడ ప్రోగ్రామూ, అనువాదమూ ఒకేసారి విడుదలవుతాయి. దిద్దిన మాట మాత్రం తరువాతి విడుదలదాకా ఆగాలి.

అంతకంటే పెద్ద చిక్కు, ఆ ప్యాకేజీ ఉందన్న సంగతే వాడుకరికి తెలియకపోవడం. డెబియన్‌ను తెలుగులో స్థాపించుకుంటే లిబ్రెఆఫీసు, ఫైర్‌ఫాక్సుల తెలుగు ప్యాకేజీలను తెలుగు డెస్క్‌టాప్ టాస్కు (కావలసిన ప్యాకేజీలన్నిటినీ ఒకేసారి తెచ్చే జాబితా) తెచ్చిపెడుతుంది. ఇంగ్లీషులో స్థాపించుకుని తరువాత తెలుగుకు మారినవారు మాత్రం వాటిని పేరుపేరునా అడగాలి. ఫెడోరాలో ఈ భారం ప్యాకేజీ మీదే ఉంటుంది. లిబ్రెఆఫీసూ, తెలుగు కావాలని తెలిపే లాంగ్‌ప్యాకు అనే ప్యాకేజీ కూడా రెండూ యంత్రంలో కనిపిస్తే తానూ రావాలని లిబ్రెఆఫీసు తెలుగు ప్యాకేజీలోనే రాసి ఉంటుంది, వాడుకరి దాని పేరు తెలుసుకోనక్కర్లేదు. విడదీసేవారు ఈ ఏర్పాటు కూడా చేయలేకపోతే, తెలుగును ప్రోగ్రాములోనే ఉండనివ్వడం మంచిదంటాను.